ఆ ‘వీ’ ఎవరమ్మా?

ముత్తుసెల్వి ఆ మోటార్ల కంపెనీలో చేరి నాలుగేళ్ళయింది. కోయంబత్తూరులో గణపతి అనే పేట దాటాక, లేత్ షెడ్లు వరుసగా ఉండే వీధిలో ఆ కంపెనీ. కింద బోరుబావి మోటార్లు తయారవుతాయి. పైన రెండో అంతస్తులో పద్నాలుగు మంది హెడ్‌సెట్లు తగిలించుకుని కూర్చుంటారు. మోటారు కాలినా, నీళ్ళు సన్నగా వచ్చినా, కొన్నవాళ్ళు ఫోను చేసేది ఆ పద్నాలుగు మందికే.

తమిళంలో చేసినవాళ్ళకు తమిళంలో, మిగతా రాష్ట్రాల వాళ్ళకు ఇంగ్లీషులో జవాబు చెప్పాలి. ఇంగ్లీషుకు మాత్రం సొంత మాటలు పనికిరావు. ప్రతి బల్ల మీదా ప్లాస్టిక్ కవరు వేసిన కాగితం ఒకటి ఉండేది. అందులో ఉన్నది ఉన్నట్టు చదవాలి. ‘వి రిగ్రెట్ ది ఇన్‌కన్వీనియెన్స్. వి విల్ చెక్. వి విల్ కాల్ యు బ్యాక్.’ ముత్తుసెల్వికి అది నిద్రలో లేపి అడిగినా వచ్చేది. చెప్పేటప్పుడు ఆమె మనసు మరెక్కడో ఉండేది.

జనవరి నెలాఖరున చెన్నై నుంచి బాలాజి అనే ట్రైనరు వచ్చాడు. రెండు రోజుల క్లాసు. మొదటి రోజు పొద్దున్నే తెల్లబోర్డు మీద ఇంగ్లీషులో ‘వి’ అని పెద్దగా రాసి, దాన్ని అడ్డంగా కొట్టేశాడు. పక్కన నిలువుగా ఒక్క గీత గీశాడు. అది ‘ఐ’.

“వి అంటే అవతలివాడికి గోడ కనిపిస్తుంది. ఐ అంటే మనిషి కనిపిస్తాడు,” అన్నాడు తమిళంలో. “రేపటి నుంచి వి సారీ లేదు. ఐ యామ్ సారీ. ఐ విల్ చెక్. ఐ విల్ కాల్ యు. మీ పేరు కూడా చెప్పాలి.”

వెనక వరసలో ఎవరో గొణిగారు. “కంపెనీ మోటారు కాలితే నేనెందుకు సారీ చెప్పాలి సార్? రేపు అవతలివాడు నా పేరే పట్టుకుంటాడు.”

“పట్టుకోవాలనే,” అన్నాడు బాలాజి నవ్వుతూ.

తలుపు దగ్గర నిలబడి వింటున్న గోపిక నవ్వలేదు. ఆ విభాగానికి మేనేజరు ఆమె. కంపెనీ యజమాని, అందరూ ముదలాళి అని పిలిచే వేలుసామికి అన్న కూతురు. ముప్పై అయిదేళ్ళుంటాయి. గట్టిగా మాట్లాడదు గానీ ఆమె ఉన్న చోట ఇంకెవరూ గట్టిగా మాట్లాడరు. “ఒక నెల చేసి చూద్దాం,” అని మాత్రం అని వెళ్ళిపోయింది.

బాలాజి ఒక్కొక్కరినీ లేపి చెప్పించాడు. ముత్తుసెల్వి వంతు వచ్చింది. లేచింది. ‘ఐ’ దాకా వచ్చి గొంతు ఆగిపోయింది. మూడోసారికి గానీ వాక్యం పూర్తి కాలేదు. ఇంత చిన్న మాట ఎందుకు అడ్డం పడిందో ఆమెకే అర్థం కాలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి తల్లి ఆరాయితో చెప్పింది. వాళ్ళది ఉక్కడం అవతల కార్పొరేషన్ క్వార్టర్సు. ఆరాయి ఇరవై రెండేళ్ళు కార్పొరేషన్ వీధులు ఊడ్చింది. మోకాళ్ళ నొప్పితో పోయిన ఏడాదే పని మానేసింది.

“అట్లనొద్దు సామీ,” అంది ఆరాయి. “నేను అనిన వాళ్ళు మాట్టుకుంటారు, దొరికిపోతారు. మాకు గ్లౌసు ఈలేదని జోనల్ ఆఫీసుకి పోయినాము గదా? ముప్పై మందిమి పోయినాము. ఆఫీసరు ‘యార్ సొన్నా?’ అని అడిగినాడు. ఎవురు సెప్పిందీ అని. ‘మేము’ అంటిమి. అందురమూ ఒగటే మాట. ఒక్కతి ‘నేను’ అనింటే, దాని పేరు రాసుకుని మర్నాడే తీసేసుండరా?”

“అది వేరేమ్మా. ఇది ఫోన్లో.”

“ఏ ఫోనైనా పేరు రాసుకునేవాళ్ళు ఉండేదే గదా,” అంది ఆరాయి.

ఆ మాటలో అబద్ధమేమీ కనిపించలేదు ముత్తుసెల్వికి.

ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది తెలుగు. ఆ క్వార్టర్సులో చాలా ఇళ్ళలో అంతే. కానీ గేటు దాటాక ముత్తుసెల్వి నోట తెలుగు ముక్క వచ్చేది కాదు. కాలేజీలో చదివే రోజుల్లో ఒక స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. అక్కడ ఉండగా తల్లి ఫోను చేస్తే తెలుగులో జవాబు చెప్పింది. స్నేహితురాలి తల్లి కాఫీ గ్లాసు చేతిలో పట్టుకునే, “తెలుంగా? ఎంద తెలుంగు?” అని అడిగింది. ఏ తెలుగు అని. అంటే ఏ వీధి తెలుగు, ఏ మనుషుల తెలుగు అని. ముత్తుసెల్వి చెప్పిన జవాబు విన్నాక ఆవిడ కాఫీ ఇచ్చింది గానీ, ఆ తర్వాత ఆ ఇంటికి మళ్ళీ ఎవరూ పిలవలేదు. అప్పటి నుంచి బయట తల్లి ఫోను చేసినా తమిళంలోనే మాట్లాడేది. కంపెనీలో చేరేటప్పుడు తెలిసిన భాషలు రాయమంటే తమిళం, ఇంగ్లీషు అని రాసింది.

ఫిబ్రవరిలో కంపెనీ కొత్తగా రాయలసీమలో మోటార్లు అమ్మడం మొదలుపెట్టింది. రెండు వారాలు తిరక్కుండానే అక్కడి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. వాళ్ళకు తమిళం రాదు, ఇంగ్లీషు రాదు. ఇవతల అందరూ బాలాజి వెళ్ళిన వారానికే ‘ఐ’ని వదిలేసి మళ్ళీ పాత ‘వి’ కాగితమే చదివేవాళ్ళు. అవతలివాళ్ళు కాసేపు విని పెట్టేసేవాళ్ళు.

గోపిక ఒకరోజు హాల్లోకి వచ్చి తమిళంలో అడిగింది. “ఇక్కడ తెలుగు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

ఎవరూ చెయ్యెత్తలేదు. ముత్తుసెల్వి కీబోర్డు వైపు చూస్తూ కూర్చుంది. గోపిక ఇంట్లోనూ తెలుగే మాట్లాడతారని అందరికీ తెలుసు. వాళ్ళది పాత నాయుడుల కుటుంబం, అవినాశి పక్కన పొలాలుండేవి. తెలుగు మాట్లాడతామని చెప్పుకోవడానికి వాళ్ళకేం భయం? ఎవరూ ‘ఏ తెలుగు’ అని అడగరు. అయినా గోపిక కూడా ఆ ప్రశ్న తెలుగులో అడగలేదని ఆ రోజు ముత్తుసెల్వికి తట్టలేదు.

ఆ తర్వాత మంగళవారం, భోజనాల వేళ దాటాక, ముత్తుసెల్వికి ఒక ఫోను వచ్చింది.

“వణక్కం, నా పేరు ముత్తుసెల్వి...” అని తమిళంలో మొదలుపెట్టింది.

“అమ్మా, నాకు అరవం రాదు,” అంది అవతల ఒక పెద్దామె. “మాది కదిరి పక్కన. నా పేరు ఓబులమ్మ. మీ మోటరు కొని నెల గాలే, రెండు తూర్లు కాలిపాయ. శెనిక్కాయ చేను ఊడ దిగే టయము, నీళ్ళు లేక వాడుతాంది. నాలుగు తూర్లు ఫోన్ చేసినా. చేసినప్పుడల్లా ఒగటే మాట. వీ చెక్ చేస్తాడంట, వీ కాల్ చేస్తాడంట. ఎవరమ్మా ఆ వీ? ఆయప్ప ఒక్క తూరి గూడా చెయ్యలే. ఆ వీ గారినే పిలువు. నేను మాట్లాడతా.”

ముత్తుసెల్వికి మొదట నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుంది. అవతల ఓబులమ్మ నవ్వడం లేదు. ఊపిరి బరువుగా వినిపిస్తోంది. ఎండలో నడిచి వచ్చి ఫోను చేస్తున్నట్టుంది. పక్కనెక్కడో మేక అరుస్తోంది.

కాగితం మీద దీనికి జవాబు లేదు. ముత్తుసెల్వి చుట్టూ చూసింది. అటూ ఇటూ మనుషులున్నారు. గోపిక గది తలుపు తెరిచే ఉంది.

“అవ్వా,” అంది తెలుగులో. “వీ అనే మనిషి ఎవురూ లేరు. ఇంగ్లీసులో వీ అంటే మేము అని.”

“ఓయమ్మా, నీకు తెలుగొస్తాదా?” అంది ఓబులమ్మ. మళ్ళీ వెంటనే, “మేము అంటే ఎవురు?” అంది.

“మేము అంటే... కంపెనీ.”

“కంపెనీ అంటే ఎవురు తల్లీ? రేపు నేను ఎవుర్ని అడగల్ల?”

ముత్తుసెల్వికి తల్లి చెప్పిన మాట గుర్తొచ్చింది. ముప్పై మంది వెనకాల దాగినవాళ్ళ పేరు ఎవరికీ దొరకదు. అది తల్లికి బలం. కానీ ఇక్కడ గట్టివాళ్ళు మేము అని దాక్కుంటే, ఒంటరిగా ఉన్న ఈ ముసలామెకు అడగడానికి ఒక్క పేరైనా లేదు.

“నన్ను అడుగు అవ్వా. నేను సూస్తాను,” అంది. “నా పేరు ముత్తుసెల్వి. రేపు పన్నెండు గంటల లోపల నేనే నీకు ఫోన్ సేస్తాను. మోటరు ఎట్ల కాలిందో నాకు తెలీదు. తెలుసుకుని సెప్తాను. నాలుగు సార్లు నిన్ను అట్ల తిప్పినందుకు... నాకే సిగ్గుగా ఉండాది.”

“సరే తల్లీ. ముత్తు... ఏమి?”

“ముత్తుసెల్వి.”

“ముత్యాలు అనుకుంటాలే,” అని ఓబులమ్మ పెట్టేసింది.

హెడ్‌సెట్ తీసేసరికి హాలంతా ఆమె వైపే తిరిగి ఉంది. పక్కన కూర్చునే అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. ముత్తుసెల్వి నీళ్ళ సీసా తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

నీళ్ళ కుళాయి దగ్గర ఒక మనిషి వచ్చి పక్కన నిలబడ్డాడు. తమిళ్‌సెల్వన్. ఊళ్ళకు వెళ్ళి మోటార్లు బాగుచేసే మెకానిక్కు. నాలుగేళ్ళుగా ఆమెను చూస్తున్నాడు. ఎప్పుడూ తమిళంలోనే మాట్లాడుకున్నారు.

“అక్కా,” అన్నాడు గొంతు తగ్గించి, తెలుగులో. “మా ఇంట్లో కూడా తెలుగే.”

ముత్తుసెల్వి తిరిగి చూసింది. “మరి ఆ రోజు మేడం అడిగినప్పుడు?”

“నీవు ఎత్తితివా సెయ్యి?”

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఓబులమ్మ సంగతి అతనికి చెప్పింది. తమిళ్‌సెల్వన్ కాసేపు ఆలోచించాడు. “రెండుసార్లు కాలిందంటే మోటారు మీద అనుమానం లేదక్కా. మోటారు నడిపే పెట్టె మీదే. స్టార్టర్ పెట్టె మీద ఉండే నంబరు ఫోటో తీసి పంపమను.”

మర్నాడు పొద్దున తొమ్మిదింటికే ముత్తుసెల్వి కదిరికి ఫోను చేసింది. ఓబులమ్మ పక్కింటి కోడలు వాట్సాప్‌లో ఫోటో పంపింది. తమిళ్‌సెల్వన్ దాన్ని పెద్దది చేసి చూసి ఈల వేశాడు.

“మోటారు అయిదు హెచ్‌పిది. పెట్టె ఏడున్నరది. వోల్టేజి తక్కువై మోటారు కరెంటు ఎక్కువ గుంజుకున్నా, ఆపాల్సిన పెట్టె ఆపదు. అది ఇంకా పెద్ద మోటారనుకుంటుంది. ఎన్ని మోటార్లు తగిలించినా కాలిపోతానే ఉంటాయి.”

ముత్తుసెల్వి కంప్యూటరులో పాత ఫిర్యాదులు వెతికింది. రాయలసీమ నుంచి అలాంటివి మరో ఆరు ఉన్నాయి, డీలర్లు రాసి పంపిన పెట్టె నంబర్లూ ఏడున్నరవే. ప్రతి దానికీ ఎదురుగా ‘ఊళ్ళో కరెంటు సరిగా లేదు, కొన్నవాళ్ళ బాధ్యత’ అని రాసి మూసేశారు. ఆ ఆరింటిలో రెండు ఆమె తన చేతులతో మూసినవే. ఇంగ్లీషు కాగితం చదివి, అవతలివాళ్ళు పెట్టేశాక, నొక్కాల్సిన బటను నొక్కింది. ఒక కాగితం మీద ఏడు పేర్లూ రాసింది, ఆ రెండూ అన్నిటికంటే పైన. పదకొండున్నరకు ఓబులమ్మకు ఫోను చేసి, తప్పు కంపెనీదేనని, ఏం చేస్తారో రేపు చెబుతానని అంది. ‘అట్ల చెప్పు,’ అంది ఓబులమ్మ.

మధ్యాహ్నం గోపిక పిలిచింది.

గది తలుపు మూశాక గోపిక మొదటి మాటే తెలుగులో అంది. “నీకు తెలుగు వస్తాదని ఎందుకు చెప్పలేదు?”

“సారీ మేడం,” అంది ముత్తుసెల్వి తమిళంలో.

“తెలుగులోనే చెప్పు. అడగతా ఉండాను గదా.”

ఆ ‘ఉండాను’ విని ముత్తుసెల్వి ఉలిక్కిపడింది. తన ఇంట్లో అనేదీ అదే. నాయుడుల ఇళ్ళలో మరేదో గొప్ప తెలుగు ఉంటుందనుకునేది ఇన్నాళ్ళూ.

“ఇల్లు ఎక్కడ మీది?” అంది గోపిక.

వచ్చేసింది ఆ ప్రశ్న. మాట వేరు గానీ ప్రశ్న అదే. ముత్తుసెల్వి నేల చూడలేదు. “ఉక్కడం అవతల, కార్పొరేషన్ క్వార్టర్సు. మా అమ్మ వీధులు ఊడ్చే పని సేసింది.”

గోపిక ఏదో అనబోయి ఆగింది. కంప్యూటరు వైపు తిరిగి ఏదో తెరిచింది, మూసింది. ఇదీ కాఫీ గ్లాసు లాంటి మౌనమేనేమో అనుకుంది ముత్తుసెల్వి. అనుకున్నాక ఇక పోగొట్టుకునేదేమీ లేదనిపించింది. చేతిలో ఉన్న కాగితం బల్ల మీద పెట్టింది.

“మేడం, ఏడు మోటార్లు. అన్నిటికీ తప్పు పెట్టెలు పోయినాయి. తప్పు మనదే. వాళ్ళ కరెంటుది కాదు. ఇందులో రెండు నేనే మూసినాను.”

గోపిక కాగితం చదివింది. మొదటి నుంచి మళ్ళీ చదివింది. లేచి, “రా,” అంది. “తమిళ్‌సెల్వన్‌ని కూడా పిలువు.”

గోపిక ముందు కింద ప్యాకింగు షెడ్డులోకి వెళ్ళి చూసొచ్చింది. ఆ తర్వాత ముదలాళి వేలుసామి గదిలో ముగ్గురూ నిలబడ్డారు. ఆయన కళ్ళజోడు తీసి కాగితం పక్కన పెట్టాడు. చాలాసేపు అటూ ఇటూ ప్రశ్నలు వేశాడు. డీలరే మార్చేసి ఉంటాడేమో? ఫోటో మరొకదానిదేమో? ఇలాంటివి రాసి పెడితే కంపెనీ పేరేం కావాలి? ఆఖరికి కోపంగా అన్నాడు. “తప్పు మనదేనని తేల్చింది ఎవరు?” తమిళంలోనే అడిగాడు.

“నేనుంగ,” అంది ముత్తుసెల్వి, నేనండి అని. ‘ఐ’ అనలేక ఆగిన గొంతు ఈసారి ఆగలేదు.

తమిళ్‌సెల్వన్ ఒక అడుగు ముందుకు వేశాడు. “మేమిద్దరమూంగ.”

వేలుసామి గోపిక వైపు చూశాడు. నీవేమంటావని ఆ చూపు. గోపిక కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. “ముగ్గురమూ అనుకోండి చిన్నాన్నా. కింద ప్యాకింగు షెడ్డులో నేనూ చూసొచ్చాను. రెండు రకాల పెట్టెలూ ఒకే ర్యాకులో ఉన్నాయి. వాటి మీద చీటీల రంగు కూడా ఒకటే.”

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద లారీకి మోటార్లు ఎక్కిస్తున్నారు. ఏమనుకున్నాడో ఏమో, “ఆ లారీ ఆపమను,” అన్నాడు. అంతే. తిట్టలేదు, మెచ్చుకోలేదు.

రెండో రోజు తమిళ్‌సెల్వన్ ఏడు పెట్టెలతో, ఏడు మోటార్లతో వ్యాన్లో బయలుదేరాడు. అతను బయలుదేరే ముందే ముత్తుసెల్వి ఏడుగురికీ ఫోను చేసింది. తను మూసిన రెండు ఫిర్యాదుల వాళ్ళకు ముందు చేసింది. ఒకాయన ఎడాపెడా తిట్టాడు. అప్పటికే పైరు ఎండిపోయిందట. “నేను మూసిందే అన్నా. నాదే తప్పు,” అంది. అతను కాసేపు తిట్టి, ఆఖరున, “మీవాడు యా దావన వస్తాడో చెప్పు, ఎదురొస్తా,” అన్నాడు. ఓబులమ్మ చేనుకు నీళ్ళు పారిన రోజు తమిళ్‌సెల్వన్ ఫోను ఇస్తే ఆమె మోటారు గురించి ఒక్క మాటా అనలేదు. “నీకు పెండ్లయిందా ముత్యాలూ?” అని అడిగింది. లేదంటే, “తొందర పడాకు,” అంది.

మార్చిలో గోపిక తెలుగు ఫోన్లకు వేరే బల్ల పెట్టించింది. అక్కడ ముత్తుసెల్విని కూర్చోమంది. ఇంగ్లీషు కాగితాన్ని తెలుగు చేయించమని ఎక్కడికో పంపితే, అచ్చుకొట్టిన రెండు పేజీలు వచ్చాయి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆ పేజీల వైపు చూశారు.

“చదువు,” అంది గోపిక.

“నాకు తెలుగు చదివేకి రాదు మేడం. మీరు?”

“నాకూ రాదు. ఇంట్లో ఎవరికీ రాదు.”

గోపిక ఫోన్లో ఒక యాప్ పెడితే అది బయటికి చదివింది. ‘మీకు కలిగిన అసౌకర్యానికి మేము చింతిస్తున్నాము.’

“అసౌకర్యం అంటే ఏమి?” అంది గోపిక.

“సౌకర్యం తెలుసు మేడం. ఇది దానికి... తమ్ముడేమో.”

గోపిక పకపకా నవ్వింది. ముత్తుసెల్వి ఆమె అలా నవ్వడం ఎప్పుడూ చూడలేదు. గోపిక ఆ పేజీలు పక్కన పడేసి తెల్ల కాగితం తీసుకుంది. తెలుగు మాటలను తమిళ అక్షరాల్లో రాయడం మొదలుపెట్టారు.

మొదటి వాక్యం దగ్గరే గంట పట్టింది. “బాలాజి చెప్పినట్టు ‘ఐ’ అయితే నేను. సరే,” అంది గోపిక. “కానీ ‘వి’ ఉన్నచోట ఏమి పెడదాం? ఇంగ్లీషులో ఒక్కటే ముక్క. మనకి రెండుండాయి. మేమా, మనమా?”

“మెకానిక్కు వచ్చేదానికి ‘మావాళ్ళు వస్తారు’ అనాల మేడం. వాళ్ళ దగ్గరికి మనిషిని మనం పంపతాం గదా. తప్పు సెప్పేటప్పుడు నేను. మేము అంటే అవతల నిలబడినట్టు ఉంటాది. పెట్టె తెరిచి సూడమని, నంబరు సదవమని సెప్పేటప్పుడు మాత్రం మనం. ‘ఇప్పుడు మనం పెట్టె తెరిచి సూద్దాం అన్నా’ అంటే వాళ్ళకి పయం ఉండదు.”

గోపిక రాసుకుంటూ రాసుకుంటూ పెన్ను ఆపింది. కాగితం వైపే చూస్తూ అంది. “ఆ రోజు నీ ఇల్లు ఎక్కడని అడిగినాను. అడిగేది ఎందుకో నాకు తెలుసు, నీకూ తెలుసు. నేను అట్ల అడగకూడదు.”

ముత్తుసెల్వి పరవాలేదు అనవచ్చు. అలవాటుగా అనేసే మాటే అది. కానీ ఆ మాట నోట్లోకి రాలేదు, తెచ్చుకోవాలనీ అనిపించలేదు. “సరింగ మేడం,” అంది. గోపిక తలూపి, రెండో వాక్యం రాసింది.

మూడు వాక్యాల తర్వాత గోపిక, “మన తెలుగు విని వాళ్ళు నవ్వుతారేమో,” అంది.

“నవ్వనీండి. నవ్వేవాళ్ళు ఫోను పెట్టెయ్యరు గదా,” అంది ముత్తుసెల్వి.

ఏప్రిల్లో కదిరి నుంచి పార్సెల్ బస్సులో ఒక గోనె సంచి వచ్చింది. మీద బొగ్గుతో రాసినట్టున్న అక్షరాలు ఆఫీసులో ఎవరూ చదవలేకపోయారు. విప్పితే మట్టి వాసనతో పచ్చి శెనక్కాయలు. తమిళ్‌సెల్వన్ సగం కింద షెడ్డులో పంచాడు. ఒక సంచెడు ముత్తుసెల్వి ఇంటికి తీసుకెళ్ళింది.

ఆరాయి వాటిని కడిగి, ఉప్పు వేసి పెద్ద గిన్నెలో ఉడకబెట్టింది. పొద్దున స్టీలు డబ్బాలో పోసి మూత పెడుతూ అడిగింది. “ఇది ఆఫీసులో అందురికీనా? మీ మేడంకి కూడానా?”

“ఆమా,” అని తలూపింది ముత్తుసెల్వి.

“మన ఇంట్లో ఉడికించిందని సెప్పొద్దు. తినకపోతే నీకు కష్టంగా ఉంటాది.”

“సెప్పే పెడతానమ్మా.”

ఆరాయి డబ్బా మూత రెండుసార్లు నొక్కి చూసింది.

ఆ సాయంత్రం ముత్తుసెల్వి బస్సు దిగేసరికి ఆరాయి క్వార్టర్సు గేటు దగ్గర నిలబడి ఉంది. మోకాళ్ళ నొప్పితో ఆమె అంత దూరం వచ్చి చాలా రోజులయింది. కూతురి చేతిలోంచి డబ్బా తీసుకుని ఊపి చూసింది. ఖాళీ.

“మీ మేడం తినిందా?”

“తినింది. మా అమ్మ సేసిందని సెప్పినాను. నా బల్ల దగ్గరే కుర్చీ ఏసుకుని కూర్చుని తినింది.”

“ఏమనింది?”

“ఉప్పు ఎక్కువయ్యిందని అనింది,” అంది ముత్తుసెల్వి. “అనుకుంటానే డబ్బా అడుగు దాకా తినేసింది. తమిళ్‌సెల్వన్‌కి కూడా మిగలనీలేదు.”

“ఉప్పు ఎక్కువా!” అంది ఆరాయి కోపంగా. “నేను ఎంత ఏసినానో నాకు తెలీదా? ఆమెకి ఇంట్లో ఎట్ల ఉడికిస్తారో అడుగు రేపు.”

డబ్బాను చంకలో పెట్టుకుని, ఒక చెయ్యి కూతురి భుజం మీద వేసి, మెట్ల వరకూ ఉప్పు గురించే మాట్లాడుతూ నడిచింది.